కుడిపక్క జేబు

మెడ పదహారు, ఛాతి నలభై రెండు.
నడుము కాడ టేపు ఆపిన.
"సామానుతోనా సారూ, సామాను లేకుంటనా?"
జలంధర్ రెడ్డి సారు నవ్విండు.
గిర్మాజీపేటల ఇట్ల అడిగే టైలర్ను నేనొక్కన్నే.

చొక్కా ఎత్తితే తోలు సంచి, సంచిల నల్ల పిడి.
గ్రానైటు గుట్టలున్న మనిషి,
మిషిని ముంగట చేతులు చాపి
బడిపిల్లగాని లెక్క నిలబడ్డడు.

"బయటికి కనవడొద్దు ఓదెలూ.
తీసి చూపెడితె కేసు.
బరాతుల గాల్లెకు పేలిస్తె కేసు.
ఎలచ్చన్లొస్తె ఠాణాల అప్పజెప్పాలె."
"మరి వాడేదెప్పుడు సారూ?"
"వాడనోనికే ఇస్తరురా."

ఆయన చెప్పుకుంట పోతుంటె
నేను సుద్దతోని గీసుకుంట పోయిన.
చొక్కా నాలుగు వేళ్లు ఒదులు,
కుడిపక్క కుట్టు లోపల రెండో జేబు,
గుండీ లేదు, చప్పుడు లేదు.

పట్టాదారు పుస్తకమసుంటి చిన్న పుస్తకం చూపెట్టిండు.
ఫొటో, నంబరు, తూటాల లెక్క,
ఆఖరుకు ఒక ముద్ర:
తెలంగాణ రాష్ట్రం వరకే.
బామ్మర్ది బిడ్డ పెండ్లి సిరోంచల.
కాళేశ్వరం దాటి వంతెనెక్కినంక
యాదికొచ్చిందట ఆ ముద్ర.
నడిమి పిల్లరు దాంక ఆయన పెద్దమనిషి,
ఇంకో పిల్లరు దాటితె ముద్దాయి.
కింద గోదారికి ఆ సంగతి తెల్వది,
నీళ్లల్ల వలేసెటోనికి తెల్వది,
ఆయన నడుముకు తెల్సు.
భార్యను ఆటో ఎక్కిచ్చి,
పట్టుచీరె మూట చేతికిచ్చి,
కారు మర్లేసుకొని ఇంటికొచ్చిండు.
"పెండ్లి భోజనం పోయింది ఓదెలూ," అన్నడు.
నవ్వాల్నా వద్దా సమజు కాలె నాకు.

చట్టం నేను గూడ కొంత సదివిన.
సదివిచ్చిండ్రు.

వానకాలం, కరెంటు లేని రాత్రి.
ఎవరో తలుపు కొట్టి
ఆకుపచ్చ బట్ట తాను లోపల పెట్టి పోయిండు.
ఎనిమిది జతలు. కాయితం మీద కొలతలే,
మనుషులు లేరు.
మనుషులు లేని కొలతలకు కుట్టుడు
అదే మొదలు నాకు.
ఒక్క ఛాతి ఇరువై ఎనిమిది.
పిల్లగాడో, పిల్లనో.
దానికి కొంచెం ఒదులు ఇడిసిన,
పెరుగుతరు గదా అని.

పదకొండు దినాలు కూసోబెట్టిండ్రు.
"తుపాకి ఏడున్నది?"
నా తాన కత్తెరున్నది సారూ.
"ఎవల కోసం కుట్టినవ్?"
ఇరువై ఎనిమిది కోసం, అని
నోటి దాంక వచ్చి ఆగింది.
బట్టకు లైసెన్సు ఉండదని నాకు తెల్సు,
అది తప్పెట్లయిందో ఇప్పటికీ తెల్వది.
ఎడమ బొటనవేలు సూది పట్టుడు అప్పట్నే మానింది.

మొన్న ఎలచ్చన్ల కోడు వచ్చింది.
జలంధర్ రెడ్డి సారు వస్తుంటె
ఎవరో వేరే మనిషనుకున్న.
పిస్తోలు ఠాణాల ఉన్నది,
నేను కుట్టిన జేబుల రసీదు ఉన్నది.
చెయ్యి మాత్రం ఊకె అటే పోతున్నది
మాడు పగిలిన పోరడు కట్టు తడుముకున్నట్టు.
ఇన్నేండ్ల బరువుకు ఒక భుజం జారింది,
బరువు పోయినా భుజం ఎక్కలె.

"ఇప్పుడు కొలువు," అన్నడు.
కొలిచిన.
నడుము ఒకటిన్నర ఇంచు తక్కువ.
భుజాలు రెండూ ఒక్క తీర్గ లేవు.
"భయమైతుందా సారూ?"
"ఎవలకు?" అన్నడు, వీధి దిక్కు చూసుకుంట.

పుస్తకంల రెండు కొలతలూ రాసిన,
రెండోది పెన్సిల్తోని.
టేపు మెడల ఏసుకున్న.
దీనికి లైసెన్సు అడగరు ఎవ్వరు.
ఒక్కపారి అడిగిండ్రు, గంతే.